ఉప్పునీటి బూజు – రేపటి మందు

ఊరగాయలో ఉప్పు తగ్గితే బూజు పడుతుందన్న సంగతి తెలుగింట ఎవరికీ చెప్పనక్కరలేదు. ఉప్పు పట్టించిన మామిడి ముక్కల నుండి ఊట దిగినట్లే, ఉప్పు తగిలిన బూజు కణం నుండి కూడా నీరు బయటికి లాగబడుతుంది. నీరు కోల్పోయిన కణం ఎదగలేదు. శాస్త్రజ్ఞులు ద్రవాభిసరణం అని పిలిచే ఈ ప్రక్రియే తరతరాలుగా ఆవకాయ, మాగాయ జాడీలను కాపాడుతూ వస్తున్నది. ఈ లెక్కన ఉప్పునీటి సముద్రంలో బూజుకు చోటుండరాదు. అయినా ఉన్నది. తీరాన కుళ్ళుతున్న కొయ్యపైన, మడచెట్ల వేళ్ళపైన, సముద్రపు నాచుపైన, అడుగున పేరుకున్న బురదలో ఎన్నో జాతుల శిలీంధ్రాలు నివాసం ఏర్పరచుకొని ఉన్నవి.

ఉప్పును తట్టుకొనేందుకు ఇవి పన్నిన ఉపాయం ఆసక్తికరమైనది. గ్లిసరాల్ వంటి పదార్థాలను ఇవి తమ కణాలలోనే తయారుచేసుకొని నిలువ ఉంచుకుంటాయి. అందువల్ల కణం లోపలి ద్రవం కూడా చిక్కబడి, లోపలి నీరు వెలుపలికి పోకుండా నిలుస్తుంది. ఇంతటి ప్రతికూల పరిస్థితులలో బ్రతకనేర్చిన జీవి, నేలమీది జీవులు తయారుచేయని రసాయనాలను కూడా తయారుచేస్తూ ఉండవచ్చునన్న ఆశతో శాస్త్రజ్ఞులు సముద్ర శిలీంధ్రాలలో కొత్త మందుల కోసం వెదుకుతున్నారు. ఆ ఆశకు ఆధారమేమిటి, అందులో నిజమెంత, ఖతార్ తీరానికి ఆ అన్వేషణతో గల సంబంధమేమిటి అన్నవి ఇక్కడ నివసించే తెలుగు కుటుంబాలు తెలుసుకోదగిన విషయాలు.

మురుగు కాలువ ప్రసాదించిన మందు

ఈ కథ ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపంలో, కాల్యారి అనే రేవు పట్టణంలో మొదలయింది. 1945లో అక్కడి విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్య శాస్త్రాన్ని బోధించే ఆచార్య జుసెప్పె బ్రోట్సు ఒక వింతను గమనించారు. పట్టణపు మురుగు నీరంతా సముద్రంలో కలిసే చోటనే యువకులు ఈతలు కొడుతున్నారు. అయినప్పటికీ ఆ పట్టణంలో టైఫాయిడ్ అనుకున్నంత తీవ్రంగా లేదు. మురుగునీటిలోనే టైఫాయిడ్ క్రిములను అణచివేసే జీవి ఏదో ఉండి ఉండాలని ఆయన ఊహించారు. కాలువ కలిసే చోట నీటిని సేకరించి పరీక్షించగా, సెఫలోస్పోరియం ఆక్రెమోనియం అనే శిలీంధ్రం దొరికింది. దానినుండి ఊరిన రసం పలు రకాల బ్యాక్టీరియాను చంపగలిగింది. కొందరు రోగులపై ఆ రసాన్ని ప్రయోగించి ఆయన సత్ఫలితాలు పొందారు.

దానిని మందుగా తీర్చిదిద్దేందుకు అవసరమైన వనరులు బ్రోట్సు వద్ద లేవు. 1948లో తన పరిశీలనలను స్థానికంగా ప్రచురించి, ఆ శిలీంధ్రాన్ని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి పంపారు. పెన్సిలిన్‌ను మందుగా మలచిన హోవార్డ్ ఫ్లోరీ బృందం అక్కడే ఉండేది. ఆ బృందంలోని ఎడ్వర్డ్ అబ్రహాం, గై న్యూటన్ ఏళ్ళ తరబడి శ్రమించి, ఆ శిలీంధ్రం ఒకటి కాదు, అనేక పదార్థాలను తయారుచేస్తున్నదని తేల్చారు. బ్రోట్సు చూచిన టైఫాయిడ్ నాశక శక్తి ప్రధానంగా వాటిలో ఒకటైన పెన్సిలిన్-ఎన్ అనే పదార్థానిది. దాని చాటున స్వల్ప పరిమాణంలో మరొక పదార్థం దాగి ఉన్నదని 1953లో బయటపడింది. దానికి సెఫలోస్పోరిన్-సి అని పేరు పెట్టారు.

ఈ కొత్త పదార్థానికి స్వతహాగా బలం తక్కువే. కాని దానికొక అపూర్వమైన గుణం ఉన్నది. పెన్సిలిన్‌ను ముక్కలు చేసి నిర్వీర్యం చేసే ఎంజైమ్‌ను కొన్ని బ్యాక్టీరియా అప్పటికే సంపాదించుకొని ఉండగా, ఆ ఎంజైమ్‌కు సెఫలోస్పోరిన్-సి లొంగలేదు. 1961లో దాని అణునిర్మాణం నిర్ధారణ అయినది. రసాయన శాస్త్రజ్ఞులు దాని మూలభాగాన్ని విడదీసి, కొత్త కొమ్మలు అతికించి, బలమైన మందులను సృష్టించారు. వాటిలో మొదటిదైన సెఫలోథిన్ 1964లో వాడుకలోకి వచ్చింది. నేడు ఆస్పత్రులలో టైఫాయిడ్‌కు, న్యుమోనియాకు, మెదడు పొరల వాపుకు ఇంజెక్షన్‌గా ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ ఆ వంశానికి చెందినదే. మురుగు కాలువ ముఖాన దొరికిన బూజు మందుల దుకాణానికి చేరడానికి 19 సంవత్సరాలు పట్టిందన్నమాట.

ఏది సముద్రపు శిలీంధ్రం?

ఇక్కడ ఒక సందేహం కలగడం సహజం. బ్రోట్సుకు దొరికిన శిలీంధ్రం నిజంగా సముద్రానిదేనా, లేక పట్టణపు మురుగుతో పాటు నేల నుండి కొట్టుకొని వచ్చినదా? ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులను చాలాకాలం వేధించింది. జాన్ కోల్‌మేయర్, ఎరికా కోల్‌మేయర్ దంపతులు 1979లో వెలువరించిన గ్రంథంలో సముద్ర శిలీంధ్రాలను రెండు తరగతులుగా విభజించారు. సముద్రంలోనూ, నదీముఖాలలోని ఉప్పునీటిలోనూ మాత్రమే పెరిగి, అక్కడే సిద్ధబీజాలను వెదజల్లేవి మొదటి తరగతి. నేలకో మంచినీటికో చెందినవై ఉండి, సముద్రంలో కూడా పెరగగలిగినవి రెండవ తరగతి.

మొదటి తరగతికి చెందిన అనేక జాతుల సిద్ధబీజాలకు సన్నని తోకలు, ఈకల వంటి అమరికలు ఉంటాయి. నీటిలో తేలుతూ పోవడానికి, కొయ్య తగిలినప్పుడు దానిని పట్టుకోవడానికి అవి తోడ్పడుతాయి. ఒడ్డున పేరుకొనే నురుగును సూక్ష్మదర్శినిలో చూస్తే ఇట్టి సిద్ధబీజాలు కనిపిస్తాయి. రెండవ తరగతిలో ఆస్పర్జిల్లస్, పెనిసిల్లియం వంటి సుపరిచితమైన బూజులు ఎక్కువ. ఇంతవరకు సముద్రంనుండి పేరు పెట్టి నమోదు చేసిన శిలీంధ్ర జాతులు దాదాపు 1900. వాస్తవానికి 10000కు పైగా ఉండవచ్చునని నిపుణుల అంచనా. అంటే, తెలిసినదానికంటె తెలియవలసినదే ఎక్కువ.

ఖతార్ తీరంలో

మహాసముద్రాలలో కిలో నీటికి సగటున 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఖతార్ చుట్టూ ఉన్న గల్ఫ్ జలాలలో అది 40 గ్రాములు దాటుతుంది. ఖోర్ అల్ ఉదైద్ లోపలి మడుగు వంటి చోట్ల 50 గ్రాములను కూడా మించుతుంది. నదులు లేవు, వాన అంతంత మాత్రం, ఎండకు నీరు ఆవిరైపోతూ ఉంటుంది. వేసవిలో సముద్రపు నీరే 33, 34 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. చలికాలంలో బాగా చల్లబడుతుంది. ఇంతటి ఒడుదొడుకులను తట్టుకొనే జీవులకు పరిశోధనాలయంగా ఈ తీరాన్ని ఎంచవచ్చు.

దోహాకు ఉత్తరంగా, అల్ ఖోర్ పట్టణానికి చేరువలో అల్ థఖీరా మడ అడవి ఉన్నది. సెలవు రోజుల్లో పడవ షికారు కోసం తెలుగు కుటుంబాలు అక్కడికి వెళ్ళడం పరిపాటి. అక్కడి చెట్టును అరబ్బులు ఖుర్మ్ అంటారు. శాస్త్రీయ నామం అవిసెన్నియా మెరీనా. గోదావరి డెల్టాలో తెల్లమడగా పిలువబడే చెట్టు ఇదే. కాకినాడ చేరువలోని కోరింగ అభయారణ్యంలోనూ ఇదే జాతి పెరుగుతుంది. ఆకుల ద్వారా ఉప్పును విసర్జించడం, బురదలోనుండి పెన్సిళ్ళవలె పైకి పొడుచుకొని వచ్చే శ్వాసవేళ్ళతో గాలి పీల్చుకోవడం ఈ చెట్టు ప్రత్యేకతలు. రాలిన ఆకును, విరిగిన కొమ్మను తిరిగి మట్టిలో కలిపే పనిలో బ్యాక్టీరియాతో పాటు శిలీంధ్రాలు ముఖ్యపాత్ర వహిస్తాయి. కొయ్యలోని గట్టి పదార్థాలను జీర్ణించుకోగల శక్తి శిలీంధ్రాలకు విశేషంగా ఉండడమే ఇందుకు కారణం.

గోదావరి, కృష్ణా డెల్టాల మడచెట్లపై పెరిగే శిలీంధ్రాలను వి. వి. శర్మ, బి. పి. ఆర్. విట్టల్ విపులంగా పరిశీలించి 2000, 2001 సంవత్సరాలలో ఫలితాలను ప్రచురించారు. గల్ఫ్ ప్రాంతంలో, కువైట్ తీరపు కొయ్యలపై పెరిగే సముద్ర శిలీంధ్రాలను గురించి 1980ల లోనే పరిశోధన వ్యాసాలు వెలువడినవి. ఖతార్ ఉప్పు పర్రలపై, అనగా సబ్‌ఖాలపై, విజ్ఞానలోకపు ఆసక్తి కూడా పాతదే. దోహత్ ఫైషాఖ్ వద్ద డోలమైట్ అనే ఖనిజం నేటి కాలంలోనూ ఏర్పడుతున్నదని 1965లోనే భూగర్భ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఇటువంటి ఖనిజాలు ఏర్పడడంలో ఉప్పును తట్టుకొనే బ్యాక్టీరియా పాత్రను ఇటీవలి సంవత్సరాలలో ఖతార్ విశ్వవిద్యాలయం వారు పరిశీలించారు. ఆహార ధాన్యాలను, పశుగ్రాసాన్ని విషపూరితం చేసే బూజులపై కూడా అక్కడ పరిశోధనలు సాగినవి.

ఒకే జాతి చెట్టు గోదావరి మంచినీరు కలిసే చోటా, నదే లేని ఖతార్‌లోనూ పెరుగుతున్నప్పుడు, దానిపై బ్రతికే శిలీంధ్రాలు రెండు చోట్లా ఒకటేనా? అవే అయినా, రెండుచోట్లా ఒకే రసాయనాలను తయారుచేస్తాయా? మందుల అన్వేషకులకు ఇది కీలకమైన ప్రశ్న.

సముద్రపు రసాయనాలు మనిషికి ఉపయోగపడడం ఈ తీరానికి కొత్త కాదు. అల్ ఖోర్ పక్కనున్న, నేడు పర్పుల్ ఐలాండ్ అని పిలువబడే చిన్న దీవిలో, క్రీస్తు పూర్వం రెండవ సహస్రాబ్దిలోనే సముద్రపు నత్తల నుండి ఊదా ఎరుపు రంగును తీసేవారని పురావస్తు తవ్వకాలు వెల్లడించినవి.

బూజుకు విషమెందుకు?

యాంటీబయాటిక్‌ను బూజు మనిషి కోసం తయారు చేయదు. కొయ్య ముక్క మీద చోటు కోసం, ఆహారం కోసం పక్కనున్న బ్యాక్టీరియాతోనూ, ఇతర శిలీంధ్రాలతోనూ అది నిత్యం పోటీపడుతూ ఉంటుంది. ఆ పోటీలో అది ప్రయోగించే అస్త్రాలలో కొన్ని మనిషికి మందులుగా పనికివచ్చినవి. సముద్రంలో విడిచిన రసాయనం వెంటనే నీటిలో పలుచబడిపోతుంది కనుక, అక్కడి జీవుల అస్త్రాలు స్వల్ప మోతాదులోనే పనిచేసేంత పదునైనవి అయి ఉండవచ్చునని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. సముద్రపు నీటిలో పుష్కలంగా ఉండే క్లోరిన్, బ్రోమిన్ పరమాణువులను తమ రసాయనాలలో ఇముడ్చుకోవడం సముద్రజీవులలో తరచు కనిపించే మరొక విశేషం.

అన్వేషణ విధానం పైకి తేలికగానే కనిపిస్తుంది. తీరం నుండి తెచ్చిన కొయ్య ముక్కలను తేమగల పెట్టెలో ఉంచి, పుట్టే శిలీంధ్రాలను ఒక్కొక్కటిగా వేరుచేస్తారు. సముద్రపు నీరు కలిపిన అగార్ అనే జిగురు పదార్థంపై వాటిని పెంచుతారు. వాటి రసాన్ని కాగితపు బిళ్ళకు పట్టించి, రోగకారక బ్యాక్టీరియా పెరుగుతున్న పళ్ళెం మధ్య ఉంచుతారు. బిళ్ళ చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం ఏర్పడితే, అందులో ఏదో ఉన్నదని అర్థం. నేలబూజు కాదని నిర్ధారించుకోవడం కూడా అవసరమే. షమాల్ గాలి వీచినప్పుడు ఎడారి దుమ్ముతో పాటు సిద్ధబీజాలు కూడా సముద్రంలో పడుతూ ఉంటాయి గదా!

అసలు చిక్కు ఆ తరువాత వస్తుంది. దొరికిన పదార్థం చాలాసార్లు పాతదే అయి ఉంటుంది. 1977లో జపాను శాస్త్రజ్ఞుడు ఒకుతాని సముద్రపు బురదలోని ఆస్పర్జిల్లస్ నుండి తీసిన పదార్థం, నేలబూజులలో అంతకు ముందే తెలిసిన గ్లియోటాక్సిన్ అని తేలింది. అది బ్యాక్టీరియాతో పాటు మనిషి కణాలను కూడా చంపుతుంది కనుక మందుగా పనికిరాదు. చంపడం కష్టమైన పని కాదు. క్రిమిని చంపి రోగిని విడిచిపెట్టడమే కష్టం.

మరొక చిక్కు ఏమనగా, పరిశోధనాలయంలో సుఖంగా పెరిగే బూజు తన అస్త్రాలను బయటికి తీయదు. శత్రువు లేని చోట యుద్ధమెందుకు? శిలీంధ్రపు జన్యువులను చదివి చూస్తే, అది తయారుచేయగల రసాయనాలు వాస్తవంగా తయారుచేసే వాటికంటె ఎన్నో రెట్లు ఎక్కువని తెలుస్తుంది. అందుచేత ఉప్పు, వేడి, ఆహారం మార్చి మార్చి పెంచడం, శత్రు బ్యాక్టీరియాతో కలిపి పెంచడం వంటి పద్ధతులు ప్రచారంలోకి వచ్చినవి.

పెస్టలోన్ నేర్పిన పాఠం

అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన విలియం ఫెనికల్ బృందం 2001లో ఇట్టి ప్రయత్నమే చేసింది. బహామా దీవుల సముద్రపు నాచుపై దొరికిన పెస్టలోషియా అనే శిలీంధ్రాన్ని ఒంటరిగా పెంచినప్పుడు విశేషమేమీ కనబడలేదు. ఒక సముద్రపు బ్యాక్టీరియాతో కలిపి పెంచగానే అది క్లోరిన్ ఇమిడిన కొత్త పదార్థాన్ని విడుదల చేసింది. దానికి పెస్టలోన్ అని పేరు పెట్టారు. పలు మందులకు లొంగని స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియాను మిల్లీలీటరుకు 37 నానోగ్రాముల మోతాదులోనే అది నిలువరిస్తుందని ప్రకటించారు. నానోగ్రాము అనగా గ్రాములో వందకోట్లవ వంతు. ఈ వార్త ఎన్నో ఆశలను రేకెత్తించింది.

శిలీంధ్రం నుండి లభించే పరిమాణం అత్యల్పం కావడంతో మరిన్ని పరీక్షలకు వీలు కలగలేదు. చివరకు జర్మనీ రసాయన శాస్త్రజ్ఞులు 2010లో పెస్టలోన్‌ను ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేయగలిగారు. ఆ పదార్థాన్ని రెండు వేర్వేరు పరిశోధనాలయాలలో పరీక్షించి 2013లో ఫలితాలు వెల్లడించారు. కావలసిన మోతాదు 37 నానోగ్రాములు కాదు, 3 నుండి 10 మైక్రోగ్రాములని తేలింది. అంటే సుమారు 80 నుండి 270 రెట్లు ఎక్కువ. పన్నెండేళ్ళ ఆశ ఆ విధంగా సన్నగిల్లింది.

దీనిని వైఫల్యంగా భావించడం సరికాదు. కలిపి పెంచితే శిలీంధ్రం కొత్త రసాయనాన్ని వెలువరిస్తుందన్న సత్యం నిలిచింది. మందుకు బలమున్నదన్న మాట మాత్రం మళ్ళీ పరీక్షించిన తరువాతనే నమ్మాలని రుజువయింది. సముద్రంలో దొరికిన ప్రతి బూజూ రేపటి పెన్సిలిన్ కాదు. 1951లో ఒక పుట్టగొడుగు జాతి శిలీంధ్రంలో కనుగొన్న ప్లూరోమ్యుటిలిన్ అనే పదార్థం నుండి పుట్టిన లెఫామ్యులిన్, మనుషులకు నోటిద్వారాను, ఇంజెక్షన్‌గాను ఇచ్చే మందుగా అమెరికాలో అనుమతి పొందినది 2019లో. ఇది నేల శిలీంధ్రమే అయినా, ఇట్టి ప్రయాణానికి ఎంత ఓపిక అవసరమో ఈ 68 సంవత్సరాలు చెబుతాయి.

తొందర ఎందుకు?

ఓపిక కావాలంటూనే తొందరపడవలసిన కారణం ఒకటి ఉన్నది. బ్యాక్టీరియా మందులకు లొంగకపోవడం వల్ల 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది నేరుగా మరణించారని 2022లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. 2016లో పాకిస్తాన్ సింధు రాష్ట్రంలోని హైదరాబాదులో సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ వ్యాపించింది. కాల్యారిలో టైఫాయిడ్‌పై విజయంతో మొదలైన కథ, ఏడు దశాబ్దాల తరువాత అదే టైఫాయిడ్ చేతిలో ఎదురుదెబ్బ తిన్నది. ఆ రాష్ట్రంలో పిల్లలకు వేసిన కొత్త రకం టైఫాయిడ్ టీకా దక్కనులోని హైదరాబాదులో తయారైనది కావడం తెలుగువారికి ఊరట కలిగించే విషయం.

అదే హైదరాబాదు చేరువన మరొక చేదు సత్యమూ ఉన్నది. పటాన్‌చెరు ప్రాంతపు మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుండి వెలువడుతున్న నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నదని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండేదానికంటె అది ఎక్కువ. ఇట్టి నీటిలో మందుకు లొంగని బ్యాక్టీరియా మాత్రమే మిగిలి వర్ధిల్లుతుంది. ఒకనాడు మురుగునీరు మానవాళికి మందును ప్రసాదించింది. నేడు మనిషి మురుగునీటిలోకి మందును వదలి, దాని పదును పోగొడుతున్నాడు.

తెలుగువారి వంతు

ఈ రంగంలో తెలుగువారికి గొప్ప వారసత్వం ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు సారథ్యం వహించిన కాలంలోనే, బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. అది 1948లో లోకానికి వెల్లడి అయినది. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు. 1953లో క్లిఫర్డ్ హెస్సెల్టైన్ మురుగునీటి శుద్ధి యంత్రాంగంలో కనుగొన్న ఒక శిలీంధ్ర ప్రజాతికి ఆయన స్మృత్యర్థం సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు. భీమవరం బిడ్డ పేరు ఒక బూజుకు నిలవడం చిన్న గౌరవం కాదని ఈ వ్యాసాన్ని చదివినవారు అంగీకరిస్తారు.

దోహా బడులలో చదువుతున్న తెలుగు పిల్లలలో రేపు ఎవరైనా ఈ బాటలో నడిస్తే, పరిశోధించేందుకు సముద్రం ఎక్కడో లేదు, గంట ప్రయాణంలోనే ఉన్నది. అంతవరకు పెద్దలు చేయదగిన పనులు రెండున్నవి. మొదటిది, మడ అడవికి వెళ్ళినప్పుడు శ్వాసవేళ్ళను తొక్కకుండా, ఎండుకొమ్మలను పొయ్యికి విరవకుండా, ప్లాస్టిక్ సంచులను వదలకుండా ఉండడం. ఎందుకూ పనికిరానట్లు కనిపించే ఆ కుళ్ళిన కొయ్యే శిలీంధ్రాల ఇల్లు. రెండవది, సెలవుల నుండి వచ్చేటప్పుడు పెట్టెలో తెచ్చుకున్న యాంటీబయాటిక్ మాత్రలను జలుబుకూ, ఒళ్ళు నొప్పులకూ వైద్యుని సలహా లేకుండా వాడకపోవడం. జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది; దానిపై ఆ మాత్రలు పనిచేయవు. ఒక కొత్త మందు బూజు నుండి మందుల సీసాకు చేరడానికి రెండు దశాబ్దాలో, అంతకు మించిన కాలమో పడుతుంది. అది వచ్చేవరకు ఉన్నవాటి పదును కాపాడుకోవడం ప్రతి ఇంటి చేతిలోనూ ఉన్నది.